"నేను జంగ్లీనే" అన్న ఒలింపిక్ కెప్టెన్: జైపాల్ సింగ్ ముండా

మీ క్లాస్‌మేట్స్‌లో ఎవరిదైనా ఎస్టీ సర్టిఫికెట్ చూశారా? అందులో "షెడ్యూల్డ్ తెగ" అని ఉంటుంది. ప్రభుత్వ ఆఫీసు బోర్డు మీద "గిరిజన సంక్షేమం" అని ఉంటుంది. కానీ ఊరేగింపుల్లో, సభల్లో వాళ్లు తమని తాము పిలుచుకునే మాట ఆదివాసీ. ఆ మాట మన రాజ్యాంగంలో లేదు. పెట్టమని సభలో నిలబడి అడిగినాయన ఒకరున్నారు. ఈ ఎపిసోడ్ ఆయన గురించే.

పేరు జైపాల్ సింగ్. పుట్టింది 1903లో, ఇప్పటి జార్ఖండ్‌లోని ఖుంటీ దగ్గర టకరా అనే ముండా ఊళ్లో. చిన్నప్పుడు పశువులు కాశాడు. రాంచీలో మిషన్ స్కూల్లో చేరాక, అక్కడి ఇంగ్లీషు ప్రిన్సిపాల్ ఈ కుర్రాడిలో ఏదో ఉందని గమనించి ఇంగ్లండ్ తీసుకెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు, హాకీ. ఆ తర్వాత ఐసీఎస్, అంటే ఇప్పటి ఐఏఎస్‌కి తాతలాంటి ఉద్యోగం. ట్రైనింగ్‌లో ఉండగానే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి భారత హాకీ కెప్టెన్‌గా పిలుపొచ్చింది. సెలవు ఇవ్వలేదు. అయినా వెళ్లారు! మనకి హాకీలో మొదటి బంగారు పతకం ఆ జట్టుదే. ధ్యాన్‌చంద్ కూడా అందులోనే ఉన్నారు. ఫైనల్లో మాత్రం జైపాల్ ఆడలేదు, అప్పటికే జట్టు నుంచి తప్పుకున్నారు. ఎందుకనేదాని మీద రకరకాల కథలున్నాయి. తిరిగొచ్చాక ట్రైనింగ్ ఇంకో ఏడాది చెయ్యమన్నారు. ఆ ఉద్యోగమే వద్దనుకున్నారు.

చాలా వీడియోలు ఇక్కడే ఆగిపోతాయి, హాకీ దగ్గర. అసలు కథ ఇక్కడి నుంచే.

మధ్యలో కంపెనీ ఉద్యోగం, ఆఫ్రికాలో టీచర్ పని, బికనీర్ సంస్థానంలో కొలువు. 1939లో రాంచీ వస్తే ఆదివాసీ మహాసభకి అధ్యక్షుడిగా ఉండమన్నారు. సూటు బూటు వేసుకున్న ఆక్స్‌ఫర్డ్ మనిషి ఆ పని ఒప్పుకున్నారు. జనం ఆయన్ని "మరంగ్ గోమ్కే" అన్నారు, అంటే మహానాయకుడు.

1946 డిసెంబర్ 19. రాజ్యాంగ సభ. దేశం భవిష్యత్తు రాయడానికి కూర్చున్న పెద్దల ముందు ఆయన తనని తాను జంగ్లీ అని పరిచయం చేసుకున్నారు, అదీ గర్వంగా. ఆదివాసులకి మీరు ప్రజాస్వామ్యం నేర్పక్కర్లేదు, వాళ్ల దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్నది ఆయన మాటల సారాంశం. సభలో మగాళ్లు మరీ ఎక్కువైపోయారని కూడా అనేశారు.

1948లో మద్యనిషేధం మీద చర్చ వచ్చింది. అందరూ మంచి మాటే అంటుంటే ఈయన ఒప్పుకోలేదు. బియ్యంతో కాచే హండియా మా పూజల్లో భాగం, అది లేకపోతే సంతాలులు వరి నాట్లే వెయ్యరు అన్నారు. మన ఏజెన్సీ ఊళ్లలో ఇప్పసారా సంగతి తెలిసినవాళ్లకి ఈ బాధ వెంటనే అర్థమవుతుంది.

ఇక ఆ పదం. హిందీ అనువాదంలో "వనజాతి" అని రాస్తే ఆయనకి కోపం వచ్చింది. మనుషుల్ని అడవి పేరుతో ఎందుకు పిలుస్తారు? ఆదివాసీ అంటే మొదటి నుంచీ ఇక్కడ ఉన్నవాళ్లని అర్థం, ఆ గౌరవం ఆ మాటలో ఉంది. అంబేడ్కర్ జవాబు వేరు. ఆదివాసీ అనేది అందరూ వాడే మాటే గానీ దానికి చట్టంలో కచ్చితమైన అర్థం లేదు, షెడ్యూల్డ్ తెగ అంటే జాబితా ఉంటుంది అన్నారు. చట్టం వైపు నుంచి చూస్తే అంబేడ్కర్‌ది తప్పనలేం. కానీ "గిరిజన" అన్న మన తెలుగు మాటని ఒకసారి విడగొట్టి చూడండి, కొండ జనం. జైపాల్ ఇక్కడ ఉంటే దీన్నీ అడిగేవారేమో!

1950లో జార్ఖండ్ పార్టీ. 1952 ఎన్నికల్లో బిహార్ అసెంబ్లీలో 30కి పైగా సీట్లు, ప్రధాన ప్రతిపక్షం. ఆయనేమో లోక్‌సభకి. డిమాండ్ ఒక్కటే, ప్రత్యేక రాష్ట్రం. 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ కాదంది. 1962కల్లా సీట్లు బాగా తగ్గాయి. 1963లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. నా లెక్కలో అది ఆయన చేసిన పెద్ద పొరపాటు. ఆయన్ని నమ్ముకుని ఓటేసిన ఊళ్లలో చాలామంది ఆ విలీనాన్ని క్షమించలేదు.

1970 మార్చి 20న ఢిల్లీలో పోయారు. జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబర్ 15న, బిర్సా ముండా పుట్టినరోజున వచ్చింది. జైపాల్ పార్టీ అడిగిన మ్యాపులో ఒడిశా, బెంగాల్, మధ్యప్రదేశ్ జిల్లాలు కూడా ఉండేవి. వచ్చిన రాష్ట్రం బిహార్ ముక్క ఒక్కటే.