సున్నా పడ్డా అలారం మోగలేదు

2019 ఏప్రిల్ 18. సాయంత్రమైనా గడ్డిఅన్నారంలో సెగ తగ్గలేదు. పండ్ల మార్కెట్ అంతా మామిడి వాసన. అటు దిల్‌సుఖ్‌నగర్ దాకా కాలేజీలు, హాస్టళ్లు. పిల్లలందరి ఆత్రమూ ఒక్కటే. ఇంటర్ రిజల్ట్స్ వచ్చేశాయి!

కాసేపటికే తెలంగాణ రాష్ట్రమంతా గగ్గోలు. పరీక్ష రాసినవాళ్లకు ఆబ్సెంట్ పడింది. మంచిర్యాల జిల్లాలో బాగా చదివే ఓ అమ్మాయికి తెలుగులో సున్నా. పేపర్ బయటికి తీయించారు. అందులో ఉన్నది 99.

ఎలా జారింది?

దిద్దిన గదిలోనే జారింది. ఓఎంఆర్ షీటు మీద 99కి బదులు 00 గడులు నిండాయి. సరిచూడాల్సిన కన్ను దాటేసింది, స్కానర్ ఉన్నదున్నట్టు చదివింది, కంప్యూటర్ దాన్ని మార్కుల్లో కలిపేసింది, సున్నా కూడా మార్కే కాబట్టి ఎవరూ ఎక్కడా అడ్డుపడలేదు, ఆ సున్నా నేరుగా ఆ పిల్ల కళ్లముందుకొచ్చి నిలబడింది.

సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టి చూసే టూల్స్ ఉంటే దీన్ని పట్టేవా?

పెర్ఫార్మెన్స్ మానిటరింగ్ చూసేది వేగం. ఏపీఐ ఎన్ని మిల్లీసెకన్లలో జవాబిచ్చింది, ఎక్కడ నసిగింది? న్యూ రెలిక్ పేరు తెచ్చుకుంది ఇందులోనే. సెంట్రీలాంటి ఎర్రర్ ట్రాకింగ్ టూల్ పట్టేది కోడ్ కూలిన లైను. ఒక్కదానికే డబ్బులుంటే ముందు రెండోదే కొనాలి. పేజీ నెమ్మదిస్తే జనం మళ్లీ నొక్కుతారు. లోపల కోడ్ విరిగితే వాళ్లకు తెలిసే దారే లేదు. కానీ ఆ సున్నా? పేజీ చకచకా తెరుచుకునేది. కోడ్ కూలేది కాదు. సర్వర్ 200 అనేది, అంటే అంతా సవ్యం. రెండు టూల్సూ నోరు మెదిపేవి కావు.

నోరు మెదపాల్సింది ఇంకొకటుంది. మిగతా పేపర్లన్నీ పాసై, ఒక్కదాంట్లో సున్నా వస్తే ఫలితాన్ని ఆపి మనిషిని పిలిచే రూలు. ఏ కంపెనీ డబ్బాలోనూ అది రెడీగా దొరకదు. మార్కుల సంగతి తెలిసినవాళ్లే కూర్చుని రాయాలి.

ఆ రోజుల్లో నాంపల్లి ఇంటర్ బోర్డు గేటు దగ్గర తల్లిదండ్రులు. పోలీసులు. దాదాపు 20 మంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. ఫెయిలైన 3 లక్షల మందికి పైగా పిల్లల పేపర్లను ఉచితంగా మళ్లీ సరిచూడమంది. ఈసారి ఇంకో సంస్థ చేత కూడా విడిగా లెక్క కట్టించి, రెండూ పోల్చారు.

1,137 మంది పాసయ్యారు.