రాకెట్టు చూడబోయిన రోజు

బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ నడుమ ఉన్న శ్రీహరికోట దీవిని రాకెట్ కేంద్రం కోసం 1969లో ఎంచుకున్నారు. తూర్పున అంతా సముద్రమే కనుక రాకెట్ దారి తప్పినా జనం మీద పడదు. భూమధ్యరేఖకు దగ్గర కనుక తూర్పుగా ఎగిరే రాకెట్‌కు భూభ్రమణం సెకనుకు సుమారు 450 మీటర్ల వేగాన్ని ఊరికే ఇస్తుంది. ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాదుల్లో చాలామంది చోటు వదలాల్సి వచ్చింది. ఈ చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆ మాటా చెప్పుకోవాలి.

1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ రోహిణి-125 ఎగిరింది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 సముద్రంలో పడింది. ఆ రోజు విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తనమీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్. మరుసటి ఏడు, 1980 జూలై 18న, అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పుడు మాత్రం విలేకరులతో మాట్లాడమని ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాంను ముందుకు పంపారు. 2002 నుంచి ఆ కేంద్రం ధావన్ పేరుతోనే ఉంది.

మన బడి ఈ చరిత్రలోకి తొంగిచూసింది 1987 మార్చి 24న. ఏఎస్‌ఎల్‌వి మొదటి ప్రయోగం. నేను ఏడో తరగతి. పరీక్షలు దగ్గర పడ్డాయని ఇళ్లలో గొణిగినా సైన్సు అయ్యవారు మమ్మల్ని బయల్దేరదీశారు. గూడూరు దాకా బస్సు, అక్కడి నుంచి మద్రాసు వైపు పాసింజరు. సూళ్లూరుపేటలో దిగి, పులిహోర పొట్లాలు పట్టుకుని సరస్సు గట్టుకు నడిచాం. ఎండ మాడ్చేస్తోంది.

"నిప్పు కనబడగానే ఒకట్లు లెక్కపెట్టండి. చప్పుడు వినబడ్డాక ఆపండి" అన్నారు అయ్యవారు.

మధ్యాహ్నం దూరాన చెట్ల మీద తెల్లటి పొగ లేచింది. దాని కొసన నిప్పు. లెక్క యాభైకి వచ్చేసరికి ఉరుములాంటి చప్పుడు అందింది. చప్పట్లు కొట్టాం, ఈలలు వేశాం. సెకనుకు 340 మీటర్ల చొప్పున మేం 17 కిలోమీటర్ల దూరంలో ఉన్నామని తిరుగు రైలులో లెక్క తేల్చాం. సాయంత్రం రేడియో వార్తల్లో ప్రయోగం విఫలమైందన్నారు.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. పక్కనున్న రెండు మోటార్లు మండడం పూర్తయ్యాక మధ్య మోటారు అంటుకోలేదు. ఆ పక్క మోటార్లు మండేది 50 సెకన్లలోపే. అంటే చప్పుడు మా చెవిన పడేసరికే ఆ రాకెట్ పని అయిపోయింది. మేం చప్పట్లు కొట్టింది దానికి.

మర్నాడు తరగతిలో అందరం "రాకెట్ చక్కగా ఎగిరింది" అని రాశాం. రేడియో విన్నవాళ్లు "పేలిపోయింది" అని రాశారు. అయ్యవారు రెండూ కొట్టేశారు. "మీరు ఎన్ని సెకన్లు చూశారో రాయండి. ఆ తర్వాత చూడలేదని రాయండి" అన్నారు. ముప్ఫై ఏళ్ల ఇంజనీరు ఉద్యోగంలో ఎన్నో తనిఖీ నివేదికలు రాశాను. అన్నీ ఆ వాక్యం మీద నిలబడ్డవే.

1988 జూలై 13న రెండో ఏఎస్‌ఎల్‌వి కూడా పోయింది. 1992 మే 20న మూడోది ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చింది. 1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్‌ఎల్‌వి కూడా కళ్లముందు బాగానే లేచి, రెండో దశ విడిపోయే వేళ అదుపు తప్పింది. 1994 అక్టోబరు 15న నెగ్గింది.

2019లో శ్రీహరికోటలో జనం కూర్చుని చూసేందుకు 5,000 మంది పట్టే గ్యాలరీ కట్టారు. ఆ జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కోసం మా బ్యాచి నలుగురం వెళ్లాం. ఇంకా 56 నిమిషాలుందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. వారం తర్వాత, 22న, అది ఎగిరినప్పుడు మాకెవరికీ సెలవు దొరకలేదు, టీవీలో చూశాం. ప్రయాణం దండగని మాలో ఒకడు అంటే, "యాభై ఆరు నిమిషాల ముందు ఆపగలగడమే గదరా వాళ్లు నేర్చుకున్నది" అన్నాడు ఇంకొకడు. అయ్యవారు అప్పటికి లేరు. ఉంటే ఫోన్ చేసి చెప్పేవాళ్లం.

ఇప్పుడు మన బడి పిల్లలు ప్రతి ప్రయోగాన్నీ ఫోనులో చూస్తున్నారు. ఫోనులో నిప్పూ చప్పుడూ ఒక్కసారే వస్తాయి, లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు. అందుకే స్వర్ణోత్సవ వేళ సంఘానికి ఒక మనవి. ఏడాదికొకసారి తొమ్మిదో తరగతిని శ్రీహరికోట తీసుకెళదాం. ప్రయోగం వాయిదా పడితే మళ్లీ వెళదాం. మొదటి ఏడాది బస్సు ఖర్చు, రెండుసార్లు వెళ్లాల్సి వచ్చినా సరే, నాది.