నీటిని చీల్చిన వెలుగు

1912వ సంవత్సరమున ఇటలీ దేశపు రసాయన శాస్త్రవేత్త జాకొమో చమీచాన్ న్యూయార్కు నగరమున ఒక ప్రసంగము చేసెను. నేలబొగ్గు వెనుకటి యుగముల ఎండయే. ఆ నిలువసొమ్ము తరిగిపోకముందే, నేడు కాయుచున్న ఎండనుండి ఇంధనము తీయు విద్యను మానవుడు పచ్చని ఆకువద్ద నేర్వవలెనని ఆయన ఆశయము.

ఆ విద్యలో తొలి అక్షరములు జపానులో దిద్దబడినవి. 1967లో టోకియో విశ్వవిద్యాలయమున హోండా ఆచార్యుని వద్ద ఫుజిషిమా అను విద్యార్థి పరిశోధన చేయుచుండెను. తెల్లరంగుల తయారీలో వాడు టైటానియం డయాక్సైడు ఒక అర్ధవాహకము. దాని స్ఫటికమును నీటనుంచి, తీగతో ప్లాటినమునకు కలిపి, అతడు దానిపై వెలుగు ప్రసరింపజేసెను. స్ఫటికముపై ప్రాణవాయువు, ప్లాటినముపై ఉదజని, అనగా హైడ్రోజన్, బుడగలుగా లేచెను. స్ఫటికము మాత్రము కరగలేదు. 1972లో ఈ సంగతి ‘నేచర్’ పత్రికలో వెలువడెను. మరుసటి ఏడు చమురు కరవు రాగా లోకము దృష్టి దానిపై నిలిచెను.

అయితే ఆ స్ఫటికమును కదిలించునది అతినీలలోహిత కాంతి మాత్రమే. ఎండలో అది నూటికి అయిదు పాళ్లకు మించదు. మరియొక చిక్కు కలదు. వెలుగు సోకినప్పుడు ఎలక్ట్రాను తన చోటు విడిచిపోవును. అచ్చట ఒక వెలితి మిగులును. ఈ రెండును పదార్థపు ఉపరితలమును చేరిననే నీరు చీలును. దారిలో మరల కలిసికొనినచో పడిన వెలుగు వట్టి వేడియై పోవును. కనుక శాస్త్రజ్ఞులు ఆ దారిని కుదించిరి: పెద్ద స్ఫటికమునకు మారుగా, మిల్లీమీటరులో వెయ్యవవంతుకన్న చిన్న రేణువులను చేసిరి.

2020లో జపాను శాస్త్రజ్ఞులు స్ట్రాన్షియం టైటనేటు రేణువులను, ఎలక్ట్రానులు ఒక ముఖమునకు, వెలితులు వేరొక ముఖమునకు చేరునట్లు తీర్చి, ఆయా ముఖములపై తగిన ఉత్ప్రేరకములను పొదిగిరి. తగిన అతినీలలోహిత కాంతిలో నూటికి సుమారు 96 కాంతికణములు నీటిని చీల్చుటకే వినియోగపడెను. 2021లో అట్టి పొడినే 100 చదరపు మీటర్ల పలకలపై పరచి ఎండలో నిలిపిరి. అప్పుడు సూర్యశక్తిలో ఉదజనిగా మారినది, అత్యధికముగా, నూటికి 0.76 వంతు మాత్రమే!

ఈ రెండు సంఖ్యలను శ్రోతలు కలిపి గుర్తుంచుకొనవలెనని మా కోరిక. పనితనమున లోపము లేదు; పొడి గ్రహింపగల వెలుగే ఎండలో స్వల్పము. కంటికి కనబడు కాంతిని గ్రహించు పదార్థములు లేకపోలేదు. కాని కాడ్మియం సల్ఫైడు వంటివి వెలుగులో నీటిని చీల్చబోయి తామే క్షీణించును. పైగా పొడినుండి రెండు వాయువులును కలిసియే వచ్చును. ఆ మిశ్రమము నిప్పురవ్వ సోకిన ప్రేలును. 2021 నాటి ప్రయోగమున పలుచని పొరలద్వారా ఉదజనిని వేరుచేసిరి.

ఇంత శ్రమ ఏల? మన పైరులకు వేయు యూరియాకు మూలమైన అమ్మోనియా ఉదజనితోనే తయారగును. ఆ ఉదజనిలో అధికభాగము నేటికిని సహజవాయువునుండియు బొగ్గునుండియు వచ్చుచున్నది. మన అన్నపుమెతుకులో ఇంకను వెనుకటి యుగముల ఎండయే కలసియున్నది. చమీచాన్ చెప్పిన నిలువసొమ్మును మనమింకను వెచ్చించుచునే యున్నాము.