పేరు మిగిలింది, పక్షి పోయింది



పోయిన ఆదివారం మన తెలుగు తరగతిలో ‘ప’ గుణింతంతో మాటలు చెప్పమని పిల్లల్ని అడిగాం. పలక, పాప, పిల్లి అయ్యాక ఒక పాప ‘పెంగ్విన్’ అంది. అందరం నవ్వాం. అది తెలుగు మాట కాదు, నిజమే. అయితే చరిత్ర చూస్తే, ఆ పేరు మొదట ఆ పక్షిదీ కాదు.

ఈనాటి పెంగ్విన్లు దక్షిణ సముద్రాల పక్షులు. 1500ల్లో యూరప్ నావికులు ఆ పేరుతో పిలిచింది ఉత్తర అట్లాంటిక్‌లో బతికిన మరో పక్షిని. ఇప్పుడు దాన్ని గ్రేట్ ఆక్ అంటున్నారు. ఎత్తు రెండున్నర అడుగుల పైమాటే, బరువు సుమారు 5 కిలోలు. వీపు నలుపు, పొట్ట తెలుపు. చిన్న రెక్కలు ఎగరడానికి చాలవు గానీ నీళ్లలో తెడ్లలా పనికొచ్చేవి. దక్షిణానికి వెళ్లిన నావికులు అక్కడా అలాంటి పక్షులే కనబడితే, తెలిసిన పేరే పెట్టేశారు. నిజానికి రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. ఈదుతూ చేపలు పట్టే బతుకు రెండింటికీ ఒకే రూపు తెచ్చింది. ఫ్రెంచివాళ్లు నేటికీ ‘పాంగ్వాఁ’ అనే మాటను ఉత్తరాది ఆక్ పక్షులకే వాడతారు. దక్షిణాది పక్షుల్ని ‘మాంషో’ అంటారు.

మరి అసలు పెంగ్విన్ ఏమైంది?

అది ఏడాదికి ఒకే గుడ్డు పెట్టేది. నేల మీద పరుగు రాదు. కెనడా తూర్పు తీరంలోని ఫంక్ దీవిలో 1534లో జాక్ కార్టియే మనుషులు ఆ పక్షులతో రెండు పడవలు నింపుకున్నారు. మొదట తిండికి చంపారు. 1700ల్లో పరుపుల్లోకి ఈకల కోసం చంపారు. ఆ దీవిలో చెట్లు లేవు. అందుకని ఈకలు ఊడదీయడానికి నీళ్లు కాచేందుకు, కొవ్వు పట్టిన ఆ పక్షుల్నే పొయ్యిలో పెట్టారు. ఇలాగే సాగితే జాతి మిగలదని 1785లోనే జార్జ్ కార్ట్‌రైట్ అనే వ్యాపారి తన దినచర్యలో రాసుకున్నాడు. ఎవరూ ఆగలేదు.

పక్షి అరుదైనకొద్దీ దాని చర్మానికీ గుడ్డుకూ ధర పెరిగింది. ఐస్‌లాండ్ దగ్గర వాటికి ఆశ్రయమిచ్చిన ఒక దీవి 1830లో అగ్నిపర్వతం పేలి మునిగిపోయింది. మిగిలినవి పక్కనున్న ఎల్డే అనే రాతి దీవికి చేరాయి. 1844 జూన్‌లో ముగ్గురు జాలర్లు అక్కడ ఒక జంటను పట్టారు. పక్షుల్ని గొంతు నులిమి చంపారు. గుడ్డు బూటు కింద నలిగింది. రూఢిగా తెలిసిన చివరి జంట అదే.

1858లో ఆల్ఫ్రెడ్ న్యూటన్ అనే పక్షిశాస్త్రవేత్త తన మిత్రుడితో ఆ పక్షిని వెతుక్కుంటూ ఐస్‌లాండ్ వెళ్లాడు. పక్షి కనబడలేదు, దాన్ని చంపినవాళ్ల మాటలు మాత్రం దొరికాయి. తిరిగొచ్చి ఊరుకోకుండా పోరాడినవాళ్లలో ఆయనా ఒకడు. 1869లో బ్రిటన్‌లో సముద్రపక్షుల రక్షణ చట్టం వచ్చింది. గ్రేట్ ఆక్‌కు అది అందలేదు, దాని చుట్టాలకు అందింది.

ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నామంటే, తరాల కిందట ఊరు దాటి వచ్చిన మన ఇళ్లల్లోనూ ఇంటిపేర్లు చెక్కుచెదరలేదు. ఆ ఇంటిపేరును తెలుగులో రాయగల పిల్లలు ఎంతమంది? పేరు నిలిచినంత మాత్రాన పేరుగలది నిలిచినట్టు కాదు. కాకపోతే మనకింకా సమయం ఉంది. వచ్చే ఆదివారం తరగతికి పిల్లల్ని పంపండి. ఆ పాప మాటను పలక మీద రాయించి, ఈ కథ చెబుతాం.