ఒక్క గింజ కథ - బెరిబెరి నుంచి బొజ్జ దాకా

మనవాళ్ళు "అన్నం తిన్నావా?" అని అడుగుతారు గానీ, "కూర తిన్నావా, పప్పు తిన్నావా?" అని ఎవరూ అడగరు. మనకి భోజనమంటేనే అన్నం. మిగతావన్నీ ఆదరువులు. బరువు తగ్గాలనుకునే పదిహేను, పదహారేళ్ళ పిల్లలకి ఇప్పుడు దొరుకుతున్న సలహాలు వింటుంటే నాకు ఇదే గుర్తొస్తోంది. ఒకరు అన్నం పూర్తిగా మానెయ్యమంటారు. ఇంకొకరు మూడు పూటలా కొర్రలే తినమంటారు. మాదాపూర్లో మా ఆఫీసు క్యాంటీన్లో పిల్లలున్న సీనియర్లది రోజూ ఇదే చర్చ. నాకైతే ఇది వందేళ్ళ నాటి కథకి కొనసాగింపులా అనిపిస్తోంది. ఆ కథ చాలావరకు మన నేల మీదే జరిగింది కాబట్టి ఈ టపా.

1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని కూనూరులో, ఒకే ఒక్క గదిలో, చిన్న ప్రయోగశాల మొదలుపెట్టాడు. పని ఒక్కటే: బెరిబెరి సంగతి తేల్చడం. కాళ్ళు మొద్దుబారి, ఒళ్ళు వాచి, చివరికి గుండె దెబ్బతినే జబ్బు అది. ఆ ప్రయోగశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక వైపు వెళ్ళేవాళ్ళు బోర్డు చూసే ఉంటారు.

ఇంతకీ ఆ బెరిబెరి ఎక్కువగా ఎక్కడ ఉండేదో తెలుసా? మన సర్కారు జిల్లాల్లో! 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక గోదావరి డెల్టా వరికి పుట్టిల్లయింది. తర్వాత మిల్లులొచ్చాయి. తమిళ దేశంలో ఎక్కువమంది ఉప్పుడు బియ్యం తినేవాళ్ళు. వడ్లు ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి1 విటమిన్ గింజలోకి దిగుతుంది కాబట్టి మిల్లు పట్టినా కొంత మిగిలేది. మనవాళ్ళకేమో పచ్చి బియ్యమే ఇష్టం. దంపుడు బియ్యం ఉన్నన్నాళ్ళూ ఫర్వాలేదు. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టించాక విటమిన్ కాస్తా తవుడుతో పాటు పశువులకి పోయింది. అన్నం తప్ప వేరే పెద్దగా దొరకని పేదవాళ్ళకి జబ్బు మిగిలింది.

"అందుకే మన తాతల్లా జొన్నలు తినాలి" అనేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. అదే సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ఇంకో సంగతి బయటపెట్టారు. దక్కన్‌లో జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా కనిపిస్తోందని. ఎండ తగిలే చోట చర్మం కాలినట్టు నల్లబడటం, విరేచనాలు, మతి చలించడం దాని లక్షణాలు. జొన్నల్లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండటం ఒక కారణం కావచ్చని వాళ్ళు ప్రతిపాదించారు. దాని మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి లెండి. కానీ పప్పు, పాలు, మాంసం లాంటివి కూడా తినగలిగినవాళ్ళకి ఆ బాధ అంతగా లేదు.

చూశారా, కోస్తాలో వరి, దక్కన్‌లో జొన్న. గింజలు వేరు, పొరపాటు ఒక్కటే. కంచం మొత్తాన్ని ఒకే గింజ మీద నిలబెట్టడం. మా భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అన్నమాట.

ఆ తర్వాత హరిత విప్లవం, నాగార్జునసాగర్, 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం... ఇవన్నీ ఆకలి తీర్చాయి. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆకలి తెలియనివాడికి ఆ హక్కు లేదు కూడా. కాకపోతే జొన్నరొట్టె, సంగటి తినే ఇళ్ళల్లోకి కూడా తెల్లన్నమే వచ్చింది. ఆ అన్నాన్ని అరిగించిన పొలం పని మాత్రం మనతో రాలేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మా తరం కుర్చీకి అతుక్కుపోయింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితాల్లో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. ఇప్పుడు బరువు తగ్గాలంటున్న పిల్లల్లో చాలామంది ఇలాంటి ఇళ్ళ పిల్లలే. అదే వంటిల్లు, అదే కంచం.

ఇక వ్యాయామం. కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్‌తో ప్రపంచానికి తెలియకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. బడిలో డ్రిల్లు మాస్టారంటే అప్పట్లో ఓ గౌరవం. ఇప్పుడు ఇంటర్ అంటే అపార్టుమెంటు లాంటి బిల్డింగులో పొద్దుట్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో అంత పెద్ద స్టేడియం కట్టుకున్నాం, పిల్లాడికి మాత్రం గంట ఖాళీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ళవాళ్ళకి అడుగుతున్నది రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలే పని. జిమ్మే అక్కర్లేదు. కబడ్డీ, షటిల్, సైకిలు, స్కిప్పింగ్ తాడు ఏదైనా సరే.

మా పిన్ని కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. "అన్నయ్యా, రాత్రి పూట తిండి మానేస్తే తగ్గుతానా?" అనడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడా చెప్తున్నా. కడుపు మాడ్చుకోకు. నువ్వింకా ఎదుగుతున్నావు. పొడుగయ్యే వయసులో చాలామందికి బరువు పెరగకుండా ఆపగలిగితేనే సగం పనైపోతుంది. బరువు మరీ ఎక్కువుంటే డాక్టరుకి చూపించుకో, పెద్దవాళ్ళ బీఎంఐ లెక్కలు నీకు సరిపోవు. ఆడపిల్లలైతే ఇంకా జాగ్రత్త. తెలంగాణలో 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. తిండి మానేస్తే అది ఇంకా ముదురుతుంది.

తార్నాక వాళ్ళు 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ దారిలోనే ఉన్నాయి. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదు, కూరగాయలూ పళ్ళూ కలిపి రోజుకి అరకిలో ఉండాలి. మన వంటింటి భాషలో చెప్పాలంటే, అన్నంలోకి కూర కాదు, కూరలోకి అన్నం. ముందు తోటకూర పప్పో, గుడ్డో, బీరకాయ కూరో కంచంలో సగానికి పైగా వడ్డించుకుని మిగిలిన చోట అన్నం పెట్టుకుంటే చాలు. సాయంత్రం చిప్స్, కూల్‌డ్రింక్ బదులు వేరుశనగలో, ఉడకబెట్టిన శనగలో, ఓ జామకాయో. కొర్రలు తినాలనుంటే తినండి, మంచిదే. కాకపోతే అన్నం గుట్ట తీసేసి అక్కడే కొర్రల గుట్ట పోస్తే మళ్ళీ మొదటికే వచ్చినట్టు.

పిల్లాడొక్కడికే డైట్ పెట్టి పక్కనే మనం బిర్యానీ లాగిస్తుంటే మాత్రం ఇవేవీ పనిచెయ్యవు. మారాల్సింది వాడి కంచం ఒక్కటే కాదు, ఇంటిల్లిపాదిదీను. ఈసారి పిల్లల్ని "అన్నం తిన్నావా?" అని కాకుండా "అన్నంలోకి ఏం తిన్నావు?" అని అడిగి చూడండి.