మెకంజీ సంచయం వెనుక కావలి సోదరులు

థామస్ హికీ అనే చిత్రకారుడు 1816లో మద్రాసులో కర్నల్ కాలిన్ మెకంజీ చిత్రాన్ని రచించాడు. మధ్యలో ఎర్ర సైనిక దుస్తుల్లో మెకంజీ నిలబడి ఉంటాడు. ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులున్నారు. దూరదర్శినిని పట్టుకున్న బంట్రోతు ఒకడు, తాళపత్రాన్ని చేతపట్టుకున్న పండితుడొకడు, వెనుకగా మరొకరు. వెనుక దూరాన కొండమీద కార్కళ గోమటేశ్వరుడు కనిపిస్తాడు. ఈ చిత్రం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆ ముగ్గురిలో ఒకరు కావలి వెంకట లక్ష్మయ్య అని చరిత్రకారులు సాధారణంగా గుర్తిస్తారు. లక్ష్మయ్య, ఆయన సోదరులు లేకపోతే మెకంజీ పేరుతో మనం ఈనాడు వాడుకుంటున్న సంచయంలో అధికభాగం ఉండేది కాదు. అయినా గ్రంథాలయ పట్టికల్లో వారిని వెదకి పట్టుకోవడం అంత సులభం కాదు.

మెకంజీ స్కాట్లండ్‌కు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవివాడు. 1783లో కంపెనీ కొలువులో మద్రాసు చేరాడు. ఆయనకు ఏ భారతీయ భాషా సరిగా రాదు. ఈ మాట మేము నిందగా చెప్పడం లేదు, తానే ఒప్పుకొన్నాడు. తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీ, సంస్కృతాలలో ఉన్న శాసనాలను, కవిలెలను, స్థలపురాణాలను చదివి, అర్థం చెప్పి, నకళ్ళు తీసి, ఇంగ్లీషులోకి మార్చినవారు ఆయన సహాయకులు. ఆ సహాయకులకు తొలి నాయకుడు కావలి వెంకట బొర్రయ్య.

కావలివారు ఏలూరు నియోగులు. బొర్రయ్య 1790ల్లో మెకంజీ దగ్గర చేరాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయిన తరువాత మొదలైన మైసూరు సర్వేలో ఆయన పని చేశాడు. సర్వే అంటే గొలుసులతో నేల కొలవడం ఒక్కటే కాదు. ఊరి చరిత్ర, పాలకుల వంశక్రమం, శాసనం, నాణెం, దేవాలయ మాన్యం అన్నీ రాసుకోవాలని మెకంజీ పట్టు. హళగన్నడ లిపిలోని శాసనాలను చదవడంలో బొర్రయ్య చూపిన నేర్పువల్లనే ఆ పని సాగింది. ఒక జైన గురువు చెప్పిన విషయాలను ఆయన అనువదించగా ఏషియాటిక్ రిసర్చెస్ తొమ్మిదవ సంపుటంలో జైనుల గురించిన వ్యాసంగా అచ్చయింది. ఆ సంపుటం వెలువడే నాటికి బొర్రయ్య లేడు. 1803లో, ముప్ఫయి ఏళ్ళయినా నిండకముందే ఆయన మరణించాడు. భారతీయ విజ్ఞానపు గడప తనకు దొరికింది ఆ యువకుడివల్లనే అని మెకంజీ 1817లో సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకొన్నాడు.

అన్న పోయాక బాధ్యత లక్ష్మయ్యమీద పడింది. ఆయన కింద ఎందరో ఊరూరా తిరిగారు. నారాయణరావు, తమిళ దేశంలో నిట్టల నయనయ్య, కన్నడ దేశంలో జైన పండితుడు ధర్మయ్య వంటివారు వీరిలో ఉన్నారు. వీరు నెలనెలా పంపిన నివేదికలలో కొన్ని మిగిలాయి. చరిత్ర విద్యార్థులకు మేము ముందుగా సూచించేది ఈ నివేదికలనే. ఏ ఊరికి ఎప్పుడు వెళ్ళారు, ఎవరిని అడిగారు, ఎవరు పత్రాలు చూపడానికి నిరాకరించారు అన్నవి వాటిలో కనిపిస్తాయి. కుంఫిణీ మనిషి వచ్చి కవిలె అడిగితే ఊరివారికి అనుమానం రాదా! శిస్తు పెంచడానికో, మాన్యం రద్దు చేయడానికో వచ్చాడనుకోవడం సహజమే. అటువంటి చోట మంచిమాటలు చెప్పి, రోజుల తరబడి ఉండి, కరణాన్ని ఒప్పించి నకలు తీసుకోవడం పాండిత్యం ఒక్కదానితో అయ్యే పని కాదు.

కరణం అన్నాము గాని ఆ ఉద్యోగి తమిళ దేశంలో కణక్కుపిళ్ళ, కన్నడంలో శానుభోగుడు, మరాఠీలో కులకర్ణి. నాలుగు చోట్లా పని ఒకటే, రాత తీరు వేరు. కావలివారికీ, వారి అనుచరులకూ ఈ తేడాలన్నీ తెలుసు. వారు దేశభాషా పాండిత్యంతోపాటు దివాణాల రాతకోతలు నేర్చిన కుటుంబాలవారని, శాసనాలను చరిత్రకు ఆధారంగా వాడే పద్ధతి మెకంజీ, ఈ నియోగులు కలిసి రూపొందించుకున్నదేనని ఫిలిప్ వాగనర్ 2003లో ప్రచురించిన వ్యాసంలో వాదించాడు. వలస పాలకులు తెచ్చిన విద్యను దేశీయులు ఊరికే మోశారన్న అభిప్రాయానికి ఇది గట్టి జవాబని మేము భావిస్తున్నాము.

మెకంజీ 1821లో కలకత్తా సమీపాన మరణించాడు. ఆయన భార్య నుంచి కంపెనీ సంచయాన్ని కొన్నది. 1828లో విల్సన్ ప్రకటించిన పట్టిక లెక్క ప్రకారం అందులో 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్ళు, 2,159 అనువాదాలు, 6,218 నాణేలు ఉన్నాయి. తరువాత కొంత భాగం లండన్ చేరింది, కొంత కలకత్తాలో నిలిచింది, దక్షిణ భాషలకు చెందిన ప్రతులు చాలావరకు మద్రాసుకు తిరిగి వచ్చాయి. ఒక ఊరి కైఫీయత్తు మద్రాసులో, దాని ఇంగ్లీషు అనువాదం లండన్‌లో ఉండటం ఇందువల్లనే. పరిశోధకులు రెండు చోట్లా చూడవలసి వస్తున్నది.

లక్ష్మయ్య ఆ పనిని అంతటితో వదలలేదు. తానే సహాయకులను పెట్టుకుని మిగిలిన సేకరణ పూర్తి చేస్తానని, సహాయం చేయమని ప్రభుత్వాన్ని కోరాడు. విషయం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళ్ళింది. 1836లో జేమ్స్ ప్రిన్సెప్ ఇచ్చిన అభిప్రాయం మనకు దొరుకుతున్నది. విడివిడి ఆధారాలను కూర్చి సారం తీయగల పెద్ద తల ఈ పనికి కావాలి, లక్ష్మయ్యే కాదు, దేశీయులెవరూ దానికి చాలరు అన్నది దాని భావం. బ్రాహ్మీలిపిని ఛేదించిన మహానుభావుడి కలం నుంచి ఈ మాట వచ్చింది! ఆ పని విలియం టేలర్ అనే మిషనరీకి వెళ్ళింది. టేలర్ నివేదికలు, 1857 నుంచి 1862 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన పట్టిక ఇప్పటికీ మనకు పనికివస్తున్నాయి. అయితే ముప్ఫయి ఏళ్ళకు పైగా ఆ పత్రాలతోనే బతికినవాడిని కాదని ఆ పని ఆయనకు అప్పగించారన్న సంగతి ఆ పట్టికలు వాడేటప్పుడు గుర్తుంచుకోవాలి. ఆ 1830ల్లోనే లక్ష్మయ్య మద్రాసు హిందూ లిటరరీ సొసైటీకి అధ్యక్షుడుగా పనిచేశాడు.

మూడవ సోదరుడు రామస్వామి దారి వేరు. ఆయన ఇంగ్లీషులో గ్రంథకర్త అయ్యాడు. దక్కను నగరాల వర్ణనలు 1828లోను, దక్కను కవుల జీవితాలు 1829లోను కలకత్తాలో అచ్చు వేయించాడు. కవుల జీవితాలను ఒకచోట చేర్చే పని గురజాడ శ్రీరామమూర్తి, కందుకూరి వీరేశలింగం చేపట్టడానికి ఎంతో ముందే జరిగింది. అయితే ఇంగ్లీషులో జరిగింది గనుక తెలుగు సాహిత్య చరిత్రలలో దానికి తగిన చోటు దక్కలేదు. వంటశాస్త్రం మీద కూడా ఆయన ఒక పుస్తకం వేశాడు. మా విద్యార్థులకు ఆ సంగతే ఎక్కువ నచ్చుతుంది.

మద్రాసు చేరిన ప్రతులు కాలేజి నుంచి లిటరరీ సొసైటీకి, అక్కడినుంచి మళ్ళీ ప్రభుత్వానికి చేతులు మారాయి. ఈ మధ్యలో వాటిని పురుగు పట్టకుండా చూసినవాడు సి.పి. బ్రౌన్. శిథిలమవుతున్న స్థానిక చరిత్రలను సొంత జీతగాళ్ళచేత కొత్త కాగితం మీద తిరగరాయించాడు. 1830ల్లో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు ఇండియా హౌసులో పడివున్న తెలుగు ప్రతులను మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశాడు. తన సొంత ప్రతులనూ చేర్చాడు. ఈ మూడు ప్రవాహాలు కలిసి 1869లో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఏర్పడింది. అది దశాబ్దాల తరబడి చేపాకులో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఆవరణలోనే ఉండేది. 1970ల్లో బంగోరె వంటివారు బ్రౌన్ జాబులను తవ్వి తీసి అచ్చువేసిన తరువాత ఆయన దగ్గర పనిచేసిన జూలూరి అప్పయ్య మొదలైన పండితుల పేర్లు కూడా లోకానికి మరింతగా తెలిశాయి. కావలివారికి అటువంటి బంగోరె ఇంకా దొరకలేదు.

భాషాశాస్త్ర దృష్టితో చూస్తే కైఫీయత్తుల విలువ మరొకటి. ఇవి చిన్నయసూరి నీతిచంద్రికకు నలభై, యాభై ఏళ్ళ ముందు రాసిన వచనం. కావ్యభాషా కాదు, పూర్తిగా వాడుకా కాదు. చేశి, యిచ్చి, వుండి వంటి రూపాలు, సర్కారు, పరగణా, మజుకూరు, సదరహీ వంటి మాటలు పక్కపక్కనే నడుస్తాయి. తెలుగులో వ్యవహార వచనం లేనేలేదన్నవారికి ఈ సంచయం ఒక్కటే చాలు. గిడుగువారు పాత వచనాలను ఏరి గద్యచింతామణిగా కూర్చినది ఈ వాదం కోసమే. తమిళ దేశంలోనో కన్నడ దేశంలోనో రాసిన తెలుగు కైఫీయత్తులలో ఆయా భాషల పదాలు, వాక్యపు పోకడలు కనిపిస్తాయి. రాజమండ్రిలోనో వరంగల్లులోనో చదివినవారు వాటిని లేఖకదోషాలుగా దిద్దే ప్రమాదం ఉంది. హోసూరులోనో మధురైలోనో బరంపురంలోనో పెరిగి రెండు భాషల్లో మాట్లాడే విద్యార్థికి అవి ఇంటి మాటలే.

పట్టికలు వెదికేవారికి ఒక సూచన. పాత ఇంగ్లీషు పత్రాలలో కావలి అన్నది కావెల్లి అనీ, లక్ష్మయ్య లుచ్‌మియా అనీ, లెచ్‌మయ్య అనీ, బొర్రయ్య బోరియా అనీ ఉంటుంది. ఇంటిపేరు కింద దొరక్కపోతే వెంకట అన్న మాట కింద చూడాలి. అక్కడా లేకపోతే మెకంజీ కింద.