ఉత్తర ఆర్కాటు జిల్లా, పుంగనూరు

మా పుంగనూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. కంగుంది జమీందారీలోని కుప్పం కూడా అంతే. మదనపల్లె మాత్రం కడప జిల్లా. ఆ ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడి పుంగనూరు, మదనపల్లె ఒకచోటికి చేరాయి. మూడు నెలలకు, జూలై 1న, దక్షిణాఫ్రికాలోని నేటాలుకు ఒప్పంద కూలీలను పంపడం ఆగిపోయింది. రెంటికీ సంబంధం లేదు గానీ, పూర్వీకుల ఊరు వెతుక్కునేవాళ్లకు ఈ రెండూ కలిసే చిక్కు తెచ్చిపెట్టాయి.

1860 నుంచి లక్షన్నర మందికి పైగా నేటాలు వెళ్లారు. మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లలో ఉత్తర ఆర్కాటువాళ్లు చాలామంది. ఐదేళ్ల ఒప్పందానికి ఇష్టపడి వెళ్లారంటాయి కాగితాలు. ఆ ఇష్టం సంగతి ధాత నామ సంవత్సరపు కరువు చెబుతుంది. 1877లో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగ కూలీకి కట్టిన రోజుకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. అంతకు నిలబడలేకే జనం ఊళ్లు విడిచారు. నా లెక్కలో వాళ్లు కాందిశీకులే.

అక్కడా నిలవనివ్వలేదు. ఒప్పందం ముగిశాక ఉండిపోయినవాళ్ల మీద 1895 చట్టం ఏటా మూడు పౌన్ల పన్ను వేసింది. గాంధీ నడిపిన 1913 సమ్మె తర్వాత అది రద్దయింది. 1927 కేప్‌టౌన్ ఒప్పందం మరో దారి పట్టింది: వెళ్లిపోతే పెద్దవాళ్లకు తలా ఇరవై పౌన్లు. నమ్మి వచ్చినవాళ్లలో నేటాలులో పుట్టి, ఈ నేల ఎరగనివాళ్లూ ఉన్నారు. సముద్రం దాటినవాళ్లని కులం వెలేసింది, చేతిలో డబ్బు అయిపోయింది. మద్రాసులో, కలకత్తాలో దిక్కులేక తిరుగుతున్న వీళ్ల గోడును దక్షిణాఫ్రికా భారతీయ నాయకుడు భవానీదయాళ్ సన్యాసి 1931లో నివేదికగా రాశాడు. వెళ్లగొట్టిన దేశానికే తిరిగి పంపమని అడిగినవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి మనకు నోరెక్కడిది?

తిరిగి రానివాళ్లను, జాతుల వారీగా నివాసాలు విడదీసిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం పట్టుకుంది. డర్బన్‌లో కేటో మేనర్ ఇళ్లు ఖాళీ చేయించి, 1960ల్లో చాట్స్‌వర్త్‌కు తరలించారు.

వాళ్ల మునిమనవల దగ్గర ఓడ జాబితా నకలు ఉంటుంది. పేరు, తండ్రి పేరు, కులం, ఒంటిమీద పుట్టుమచ్చలు, ఊరు, తాలూకా, జిల్లా. ఊరి పేరు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఉంటుంది. జిల్లా ‘నార్త్ ఆర్కాట్’ అని చూసి, అంటే వేలూరే అనుకుని నేరుగా అక్కడికి వెళ్తారు. తాలూకా గడిలో పుంగనూరు గానీ పలమనేరు గానీ, కంగుంది గానీ కనబడితే, రావలసింది చిత్తూరు వైపుకు.